అన్నవాహిక క్యాన్సర్: కోత కొలత కన్నా చేతి అనుభవం ముఖ్యం



అన్నవాహికలో క్యాన్సర్ ఉన్నదని తేలి, శస్త్రచికిత్సకు అవకాశం ఉన్నదని వైద్యులు చెప్పిన తరువాత, రోగి కుటుంబ సభ్యులు తరచుగా అడిగే ప్రశ్న ఒకటి ఉంది. “డాక్టరు గారూ, ఓపెన్ ఆపరేషన్ చేయించాలా, కీహోల్ ఆపరేషన్ చేయించాలా? రోబోతో చేస్తే ఇంకా మంచిదంటున్నారు, నిజమేనా?” ప్రశ్న సహజమైనదే. శస్త్రచికిత్సలో రోగికీ, బంధువులకూ కంటికి కనిపించేది కోత ఒక్కటే. లోపల జరిగేది వారికి కనిపించదు. కనుక కోత చిన్నదైతే ఆపరేషన్ చిన్నదనీ, కోత పెద్దదైతే ప్రమాదం పెద్దదనీ అనుకోవడంలో వింత లేదు.

నేను శస్త్రవైద్యుణ్ణి కాను. ప్రభుత్వ ఆసుపత్రులలో సాధారణ వైద్యునిగా పనిచేసి విరమించినవాణ్ణి. ఇటువంటి రోగులను శస్త్రచికిత్సకు పంపడం, అది జరిగిన తరువాత వారిని సంవత్సరాల తరబడి చూడడం నా వృత్తిలో భాగంగా ఉండేది. ఏ పద్ధతినీ సమర్థించవలసిన అవసరం నాకు లేదు. ఈ విషయంలో ప్రపంచంలో జరిగిన ముఖ్యమైన పరిశోధనలను పరిశీలించిన మీదట నేను చేరుకున్న అభిప్రాయాన్ని ముందే చెబుతాను. అనుభవం గల బృందం చేసినపుడు కీహోల్ పద్ధతి ఊపిరితిత్తులకు మేలు చేస్తుంది. కాని కుటుంబం మొదట తెలుసుకోవలసినది ఆ ఆసుపత్రిలో ఇటువంటి శస్త్రచికిత్సలు ఏడాదికి ఎన్ని జరుగుతాయన్నది. కోత ఎంత అన్నది ఆ తరువాతి మాట. ఈ వరుస తలకిందులైతే డబ్బూ పోతుంది, కొన్నిసార్లు ప్రాణమూ పోతుంది.

అన్నవాహిక ఎక్కడ ఉంటుంది?

గొంతు నుండి జీర్ణాశయానికి ఆహారాన్ని చేరవేసే గొట్టం అన్నవాహిక. పెద్దవారిలో దాని పొడవు సుమారు 25 సెంటీమీటర్లు. అది శ్వాసనాళానికి వెనుక, వెన్నెముకకు ముందు, గుండెకూ బృహద్ధమనికీ ఆనుకొని, రెండు ఊపిరితిత్తుల నడుమ దిగి, ఉదరవితానాన్ని దాటి జీర్ణాశయంలో కలుస్తుంది. శరీరంలో ఇంతకన్నా ఇరుకైన, ప్రమాదకరమైన చోటు అరుదు. పైగా పేగులను కప్పి ఉంచే వెలుపలి పొర వంటిది అన్నవాహికకు లేదు. అందువలన అక్కడ పుట్టిన క్యాన్సర్ పొరుగు అవయవాలకూ, లింఫు గ్రంథులకూ త్వరగా పాకుతుంది.

ప్రపంచంలో 2022 సంవత్సరంలో సుమారు 5 లక్షల 11 వేల మందికి ఈ వ్యాధి కొత్తగా సోకిందనీ, సుమారు 4 లక్షల 45 వేల మంది దీనితో మరణించారనీ అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ అంచనా. ఈ రెండు సంఖ్యల మధ్య ఉన్న స్వల్పమైన తేడాయే వ్యాధి ఎంత కఠినమైనదో చెబుతుంది. ఇందులో ప్రధానంగా రెండు రకాలున్నాయి. పాశ్చాత్య దేశాలలో స్థూలకాయం, ఏళ్ల తరబడి ఆమ్లం పైకి తన్నడం వలన అన్నవాహిక దిగువ భాగంలో వచ్చే ఎడినోకార్సినోమా ఎక్కువ. మన దేశంలో స్క్వామస్ కణాల క్యాన్సర్ ఎక్కువ. పొగ తాగడం, పొగాకు నమలడం, గుట్కా, వక్క, మద్యం దీనికి ముఖ్య కారణాలు. పొగాకూ మద్యమూ రెండూ తోడైతే ముప్పు కూడికలా పెరగదు, గుణకారంలా పెరుగుతుంది. మన రోగులలో చాలామంది ఊపిరితిత్తులు పొగతో అప్పటికే దెబ్బతిని ఉంటాయి. ఈ సంగతి ముందు ముందు మన చర్చకు అవసరమవుతుంది.

శస్త్రచికిత్సలో ఏమి చేస్తారు?

క్యాన్సర్ సోకిన అన్నవాహికను చాలావరకు తొలగిస్తారు. దానితో పాటు ఛాతీలోనూ, పొట్టలోనూ ఉన్న లింఫు గ్రంథులను తీసివేస్తారు. తరువాత జీర్ణాశయాన్ని సన్నని గొట్టంలా మలచి, ఛాతీలోకి లాగి, మిగిలిన అన్నవాహికకు ఛాతీలోనో మెడలోనో అతుకుతారు. అంటే ఒకే రోగికి ఒకే రోజున పొట్టలో ఒక పెద్ద శస్త్రచికిత్స, ఛాతీలో ఒక పెద్ద శస్త్రచికిత్స, కొందరికి మెడలో మరొకటి జరుగుతాయన్నమాట.

ఈ విద్యకు నూరేళ్లకు పైబడిన చరిత్ర ఉంది. 1913లో న్యూయార్కులో ఫ్రాంజ్ టోరెక్ అనే శస్త్రవైద్యుడు ఛాతీ తెరచి అన్నవాహికను విజయవంతంగా తొలగించాడు. ఆనాడు దానిని తిరిగి అతికే మార్గం లేదు. మెడ వద్ద ఒక రంధ్రం, పొట్ట వద్ద ఒక రంధ్రం చేసి, ఆ రెండింటినీ వెలుపల ఒక రబ్బరు గొట్టంతో కలిపాడు. ఆ రోగి అదే గొట్టం ద్వారా ఆహారం తీసుకుంటూ పదేళ్లకు పైగా జీవించింది. 1946లో ఐవర్ లూయిస్ అనే వెల్ష్ శస్త్రవైద్యుడు పొట్టనూ, కుడి ఛాతీనీ తెరచి చేసే పద్ధతిని ప్రచురించాడు. నేటికీ ఆ పేరుతోనే ఆ పద్ధతి సాగుతున్నది. 1992లో స్కాట్లండులోని డండీలో ఆల్ఫ్రెడ్ కుషియెరీ బృందం ఛాతీలోకి కెమెరా పంపి అన్నవాహికను విడదీసిన అనుభవాన్ని ప్రకటించింది. కీహోల్ పద్ధతికి అది నాంది.

కీహోల్ పద్ధతిలో పెద్ద కోతలకు బదులు కొన్ని చిన్న రంధ్రాలు చేస్తారు. ఒక దానిలో నుండి కెమెరా, మిగిలిన వాటిలో నుండి పొడవైన సన్నని పనిముట్లు పంపుతారు. తెరపై అవయవాలు పెద్దవిగా కనిపిస్తాయి. పొట్టలో మాత్రమే ఇలా చేసి ఛాతీని తెరిస్తే దానిని హైబ్రిడ్ అంటారు. రోబో అంటే తనంతట తాను కోసే యంత్రం కాదు. శస్త్రవైద్యుడు పక్కనే కూర్చుని తన చేతులతో నడిపే పనిముట్ల అమరిక మాత్రమే.

ఇక్కడ ఒక మాట గట్టిగా చెప్పాలి. పైన రంధ్రాలు చిన్నవైనా లోపల జరిగే పని ఒకటే. తీసేది అదే అన్నవాహిక, అతికేది అదే జీర్ణాశయం. “చిన్న ఆపరేషన్” అనే మాట దీనికి ఏ పద్ధతిలోనూ వర్తించదు.

ఊపిరితిత్తులకు ఎందుకు ముప్పు?

ఛాతీని తెరచినపుడు పక్కటెముకలను వెడల్పు చేసి పట్టి ఉంచుతారు. ఆ తరువాత కొన్ని రోజుల పాటు ప్రతి శ్వాసా నొప్పే. నొప్పికి భయపడి రోగి పైపైన గాలి పీలుస్తాడు. గట్టిగా దగ్గలేడు. కఫం లోపలే నిలిచిపోతుంది. శస్త్రచికిత్స జరిగేటపుడు ఒక పక్క ఊపిరితిత్తిని గాలి లేకుండా ముడిచి ఉంచడం కూడా దానికి తోడవుతుంది. ఫలితం న్యుమోనియా. ఏళ్ల తరబడి బీడీ, చుట్ట కాల్చినవారిలో ఇది మరీ తీవ్రంగా వస్తుంది.

రెండవ పెద్ద ప్రమాదం అతుకు కారడం. పైకి లాగిన జీర్ణాశయపు కొసకు రక్తప్రసరణ తక్కువగా ఉంటుంది. అక్కడ వేసిన కుట్లు సరిగా మానకపోతే లోపలి ద్రవాలు బయటికి కారుతాయి. మెడలో కారితే చాలాసార్లు సర్దుకుంటుంది. ఛాతీలో కారితే ప్రాణం మీదికి వస్తుంది. మొదటి ప్రమాదాన్ని తగ్గించడంలో కోత పరిమాణానికి పాత్ర ఉంది. రెండవ ప్రమాదంలో ముఖ్యపాత్ర కుట్టే చేతిది.

పరిశోధనలు ఏమి చెప్పాయి?

ఈ రెండు పద్ధతులనూ న్యాయంగా పోల్చడానికి రోగులను లాటరీ వేసినట్లుగా రెండు వర్గాలుగా విభజించి చేసిన పరిశోధనలే నమ్మదగినవి. వాటిలో మొదటిది నెదర్లాండ్స్, స్పెయిన్, ఇటలీలలోని ఐదు ఆసుపత్రులలో జరిగిన ‘టైమ్’ పరిశోధన. 2012లో లాన్సెట్ పత్రికలో వెలువడింది. 115 మందిలో 56 మందికి ఓపెన్ పద్ధతిలోనూ, 59 మందికి కీహోల్ పద్ధతిలోనూ చేశారు. మొదటి రెండు వారాలలో ఊపిరితిత్తుల ఇన్ఫెక్షన్ ఓపెన్ వర్గంలో 29 శాతం మందికి వస్తే, కీహోల్ వర్గంలో 9 శాతం మందికే వచ్చింది. ఆసుపత్రిలో ఉండవలసిన కాలం 14 రోజుల నుండి 11 రోజులకు తగ్గింది. అతుకు కారడంలోనూ, మరణాలలోనూ గణాంకపరంగా చెప్పుకోదగ్గ తేడా లేదు. మూడేళ్ల తరువాత చూసినపుడు రెండు వర్గాల ఆయుర్దాయంలోనూ నిర్ధారించదగిన తేడా కనిపించలేదు.

ఫ్రాన్సులో 207 మందితో జరిగిన ‘మీరో’ పరిశోధన ఫలితాలు 2019లో వెలువడ్డాయి. ఇందులో ఛాతీని మామూలుగానే తెరిచారు. పొట్టలో పని మాత్రం కీహోల్ పద్ధతిలో చేశారు. అంతమాత్రం చేతనే తీవ్రమైన దుష్ఫలితాలు 64 శాతం నుండి 36 శాతానికి తగ్గాయి. నెదర్లాండ్స్‌లోని ఉట్రెక్ట్‌లో 112 మందితో రోబో పద్ధతినీ ఓపెన్ పద్ధతినీ పోల్చారు. శస్త్రచికిత్స సంబంధమైన దుష్ఫలితాలు ఓపెన్ వర్గంలో 80 శాతం, రోబో వర్గంలో 59 శాతం. చైనాలో 350 మందికి పైగా రోగులలో రోబోనూ, మామూలు కీహోల్ పద్ధతినీ పోల్చినపుడు రోబోతో సమయం కొంత తగ్గింది. మొత్తం దుష్ఫలితాలలో మాత్రం ముఖ్యమైన తేడా తేలలేదు.

జపానులో 300 మందితో చేసిన పరిశోధన ఫలితాలు 2024లో వెల్లడయ్యాయి. మూడేళ్లకు బతికి ఉన్నవారు కీహోల్ వర్గంలో 82 శాతం, ఓపెన్ వర్గంలో సుమారు 71 శాతం. ఆయుర్దాయం విషయంలో కీహోల్ పద్ధతి ఓపెన్ పద్ధతికి తీసిపోదని నిరూపించడమే ఆ పరిశోధన లక్ష్యం. అది నెరవేరింది. కెమెరాతో చేస్తే క్యాన్సర్‌ను పూర్తిగా తీయలేరేమోనన్న పాత సందేహం దీనితో చాలావరకు తీరింది.

ఇక్కడితో ఆగితే నిర్ణయం సులభమే. ఎక్కడ దొరికితే అక్కడ కీహోల్ చేయించుకోండి అని చెప్పి వ్యాసం ముగించవచ్చు. కాని కథలో రెండవ సగం ఉంది.

ఆసుపత్రి మారితే ఫలితం మారుతుంది

పైన చెప్పిన పరిశోధనలు ఈ శస్త్రచికిత్సలో ఆరితేరిన కేంద్రాలలో జరిగినవి. అదే పద్ధతి దేశమంతటికీ పాకినపుడు ఏమి జరిగిందో కూడా చూడాలి. నెదర్లాండ్స్‌లో 2011 నుండి 2015 వరకు జరిగిన శస్త్రచికిత్సల జాతీయ నమోదును పరిశీలించి, వయసూ వ్యాధి దశా మొదలైన అంశాలలో పోలిక ఉన్న 433 మంది ఓపెన్ రోగులను, 433 మంది కీహోల్ రోగులను సరిచూశారు. ఊపిరితిత్తుల సమస్యలు రెండు వర్గాలలోనూ దాదాపు సమానంగా ఉన్నాయి. అతుకు కారడం ఓపెన్ వర్గంలో 15.5 శాతం కాగా, కీహోల్ వర్గంలో 21.2 శాతం. మళ్లీ ఏదో ఒక జోక్యం చేయవలసి వచ్చినవారు 21.1 శాతం, 28.2 శాతం. ‘టైమ్’ పరిశోధనకు నాయకత్వం వహించిన దేశంలోనే ఈ ఫలితం వచ్చింది. అంతకు ముందే ఇంగ్లండులోనూ 7,500 మందికి పైగా రోగుల వివరాలు పరిశీలించినపుడు మరణాలలో తేడా లేకపోయినా, తిరిగి జోక్యం చేయవలసిన అవసరం కీహోల్ వర్గంలోనే ఎక్కువగా కనిపించింది.

పద్ధతి ఒకటే, ఫలితం ఎందుకు మారింది? చేతికి అలవాటు కావలసిన వ్యవధి ఇందుకు ముఖ్య కారణం. ఐరోపాలోని కొన్ని కేంద్రాలలో 646 మంది రోగుల వివరాలతో 2019లో వెలువడిన ఒక అధ్యయనం దీనిని లెక్కకట్టింది. కీహోల్ పద్ధతిలో అతుకు కారడం స్థిరమైన కనిష్ఠ స్థాయికి చేరడానికి 119 శస్త్రచికిత్సలు పట్టాయి. నేర్చుకునే దశలో 18.8 శాతం మందికి అతుకు కారగా, ఆ దశ దాటిన తరువాత అది 4.5 శాతానికి దిగింది. ఏడాదికి పది శస్త్రచికిత్సలు మాత్రమే చేసే చోట 119 పూర్తి కావడానికి పన్నెండేళ్లు పడుతుంది. ఆ పన్నెండేళ్లలో అక్కడ చేరిన రోగులు ఎవరి చదువుకు రుసుము చెల్లిస్తున్నట్లు?

కోతతో నిమిత్తం లేకుండా కూడా ఇదే సత్యం కనిపిస్తుంది. అమెరికాలో వృద్ధుల బీమా పథకం కింద చికిత్స పొందినవారి వివరాలను 2002లో ప్రచురించారు. ఏడాదికి రెండు కన్నా తక్కువ అన్నవాహిక శస్త్రచికిత్సలు చేసే ఆసుపత్రులలో మరణాలు సుమారు 20 శాతం. పందొమ్మిదికి మించి చేసే ఆసుపత్రులలో సుమారు 8 శాతం. రోగి ఏ ఆసుపత్రి గుమ్మం ఎక్కాడన్న ఒక్క విషయం మీద ఇంత తేడా. ఇటువంటి సమాచారం ఆధారంగానే నెదర్లాండ్స్ 2006లో ఏడాదికి కనీసం 10 శస్త్రచికిత్సలు చేయని ఆసుపత్రులు వీటిని చేయరాదని నియమం పెట్టింది. 2011లో ఆ కనీస సంఖ్యను 20కి పెంచింది.

ఎక్కువ చేసే చోట మరణాలు ఎందుకు తగ్గుతాయి? చేయి తిరిగిన శస్త్రవైద్యుడు ఒక కారణం. మరొకటి, అక్కడి నర్సులకూ, మత్తువైద్యులకూ, ఐసీయూ సిబ్బందికీ ప్రమాద సూచనలు తెలిసి ఉంటాయి. నాలుగవ రోజున నాడి కాస్త వేగంగా కొట్టుకున్నా, రోగి అకారణంగా ఆందోళన పడినా, వారు వెంటనే స్కాను తీయిస్తారు. అతుకు కారడం ఎక్కడైనా జరగవచ్చు. దానిని మొదటి రోజే గుర్తించడానికీ, మూడవ రోజు గుర్తించడానికీ మధ్య ఉన్నదే రోగి ప్రాణం.

కోత కంటే ముందు ఆలోచించవలసినవి

కోత గురించిన చర్చలో పడి, అంతకన్నా ఎక్కువ మేలు చేసేవాటిని మరచిపోతుంటాము. నెదర్లాండ్స్‌లో 366 మందితో జరిగిన ‘క్రాస్’ పరిశోధనలో కొందరికి నేరుగా శస్త్రచికిత్స చేశారు. మిగిలినవారికి ముందుగా సుమారు ఐదు వారాల పాటు కీమోథెరపీ, రేడియేషన్ కలిపి ఇచ్చి ఆ తరువాత చేశారు. సగటున మధ్యస్థ ఆయుర్దాయం మొదటి వర్గంలో 24 నెలలు, రెండవ వర్గంలో 49 నెలలు. మన దేశంలో ఎక్కువగా కనిపించే స్క్వామస్ రకంలో ఈ ప్రయోజనం మరింత ఎక్కువ. ఏ కీహోల్ రంధ్రమూ, ఏ రోబో చేయీ ఆయుర్దాయాన్ని ఇంతగా పెంచినట్లు రుజువు లేదు. కనుక “ఈ వారంలోనే రోబోతో తీసేస్తాము” అని తొందరపెట్టే చోట, శస్త్రచికిత్సకు ముందు ఇచ్చే చికిత్స అవసరమా కాదా అని క్యాన్సర్ వైద్యులందరూ కలసి కూర్చుని ఆలోచించారా అని తప్పక అడగాలి.

శరీరాన్ని సిద్ధం చేయడం కూడా చికిత్సలో భాగమే. అన్నం దిగక నెలల తరబడి గంజితో, పాలతో గడిపిన మనిషి బరువు, కండ రెండూ కోల్పోయి ఉంటాడు. అవసరమైతే చిన్నపేగులోకి గొట్టం అమర్చి పోషణ అందించాలి. పొగాకు, మద్యం పూర్తిగా మానాలి. రోజూ నడవాలి, శ్వాస వ్యాయామాలు చేయాలి. వీటికి పైసా ఖర్చు లేదు. ఊపిరితిత్తులను కాపాడడంలో వీటి పాత్ర కూడా తక్కువది కాదు.

అందరికీ శస్త్రచికిత్స అవసరం ఉండదని కూడా గుర్తుంచుకోవాలి. పైపొరకే పరిమితమైన తొలిదశ క్యాన్సర్‌ను కొందరిలో ఎండోస్కోపీ ద్వారానే తీసివేయవచ్చు. మెడ భాగంలోని అన్నవాహికకు వచ్చిన క్యాన్సర్‌కు సాధారణంగా రేడియేషన్, కీమోథెరపీలే ప్రధాన చికిత్స. వ్యాధి ఇతర అవయవాలకు పాకినవారికి కోత ఏ పరిమాణంలోనైనా మేలు చేయదు. వారికి ఆహారం దిగేలా స్టెంటు అమర్చడం, నొప్పి తగ్గించడం వంటి ఉపశమన చికిత్సలు గౌరవప్రదమైన చికిత్సలే.

మన కుటుంబాలకు నా సలహా

మన రాష్ట్రాలలో ఈ నిర్ణయం కేవలం వైద్యపరమైనది కాదు. కార్పొరేట్ ఆసుపత్రులలో రోబో పేరు చెప్పగానే బిల్లు పెరుగుతుంది. ఆరోగ్యశ్రీ వంటి పథకం కింద ఓపెన్ పద్ధతిలో చేయించుకోగలిగిన రోగిని, “నాన్నకు తక్కువ రకం వైద్యం చేయించామన్న మాట మాకొద్దు” అని పిల్లలు అప్పు చేసి, ఎకరమో అరెకరమో అమ్మి వేరే చోటికి తరలించడం నేను చూశాను. ఆ ప్రేమను నేను తప్పు పట్టను. కాని ఓపెన్ శస్త్రచికిత్స తక్కువ రకం వైద్యం కాదు. అనుభవజ్ఞులైన చేతులలో అది నేటికీ ప్రామాణికమైన చికిత్సే. బ్రిటనులో 500 మందికి పైగా రోగులతో జరిగిన ‘రోమియో’ పరిశోధనలో, పొట్టలో పనిని కీహోల్ పద్ధతిలో చేసినవారికీ, పూర్తిగా ఓపెన్ పద్ధతిలో చేసినవారికీ మొదటి మూడు నెలలలో కోలుకోవడంలో చెప్పుకోదగ్గ తేడా కనిపించలేదు.

కాబట్టి నా సలహా ఇది. ఒకే ఆసుపత్రిలో రెండు పద్ధతులలోనూ అనుభవం ఉండి, ఖర్చు భరించగలిగితే, కీహోల్ పద్ధతినే ఎంచుకోండి. ముఖ్యంగా ఊపిరితిత్తులు బలహీనంగా ఉన్నవారికి అది మేలు. రోబోయే కావాలని పట్టుబట్టనక్కరలేదు. ఒక చోట ఓపెన్ పద్ధతిలో ఎక్కువ అనుభవం ఉండి, మరొక చోట కీహోల్ పద్ధతి ఇటీవలే మొదలై ఉంటే, సందేహించకుండా మొదటి చోటికే వెళ్లండి. ఇక, ఛాతీలో కెమెరాతో మొదలుపెట్టిన శస్త్రవైద్యుడు మధ్యలో కష్టం ఎదురై ఛాతీ తెరిస్తే, దానిని వైఫల్యంగా భావించకండి. అది వివేకం.

ఆసుపత్రిలో ఈ ప్రశ్నలు అడగండి.

ఒకటి: అయ్యా, ఈ ఆసుపత్రిలో అన్నవాహిక తొలగించే శస్త్రచికిత్సలు ఏడాదికి ఎన్ని జరుగుతాయి? అందులో మీరు స్వయంగా చేసేవి ఎన్ని?

రెండు: మీరు సూచిస్తున్న పద్ధతిలోనే ఇప్పటివరకు ఎన్ని చేశారు?

మూడు: మీ రోగులలో ఎంతమందికి అతుకు కారింది? మూడు నెలలలోపు ఎంతమంది మరణించారు?

నాలుగు: శస్త్రచికిత్సకు ముందు కీమోథెరపీ, రేడియేషన్ అవసరమా? ఆ నిర్ణయం ఎవరెవరు కలసి తీసుకున్నారు?

ఐదు: రాత్రి వేళ ఏదైనా ప్రమాదం వస్తే స్కాను, ఎండోస్కోపీ, ఐసీయూ వైద్యుడు వెంటనే అందుబాటులో ఉంటారా?

“అంత పెద్ద డాక్టరు గారిని ఇలా అడిగితే కోపం రాదా?” అని మన వాళ్లు వెనుకాడుతారు. వినయంగా అడిగితే మంచి శస్త్రవైద్యుడు నొచ్చుకోడు. తన లెక్కలు తాను రాసిపెట్టుకునేవాడు సంతోషంగానే చెబుతాడు. లెక్కలు చెప్పడానికి ఇష్టపడని చోట మరొక వైద్యుని అభిప్రాయం తీసుకోవడం మీ హక్కు. ఇల్లు కట్టించేటపుడు మేస్త్రి అంతకు ముందు కట్టిన ఇళ్లు చూసి వస్తాము. ఒంటి మీద కత్తి పెట్టించుకునేటపుడు అడగడానికి మొహమాటం ఎందుకు?

ప్రభుత్వాలు చేయవలసినది

ఈ భారమంతా కుటుంబాల మీద వేయడం న్యాయం కాదు. లెక్కలు అడిగే ధైర్యం, అర్థం చేసుకునే చదువు అందరికీ ఉండవు. రెండు రాష్ట్రాలలోనూ ప్రభుత్వ బీమా పథకాలున్నాయి. ఏ ఆసుపత్రిలో ఎన్ని అన్నవాహిక శస్త్రచికిత్సలకు డబ్బు చెల్లించారో ప్రభుత్వాల వద్ద తప్పక ఉంటుంది. కనీస సంఖ్య చేసిన ఆసుపత్రులకే ఈ ఒక్క శస్త్రచికిత్సకు అనుమతి ఇవ్వాలనీ, వాటి ఫలితాలను ప్రతి ఏటా ప్రజలకు వెల్లడించాలనీ నా అభిప్రాయం. హైదరాబాదులోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ సంస్థ, విశాఖపట్నంలోని హోమీ భాభా క్యాన్సర్ ఆసుపత్రి వంటి ప్రభుత్వరంగ సంస్థలలో ఇందుకు ప్రత్యేక బృందాలను బలపరచాలి. కొత్త యంత్రం కొన్నపుడు దానితో పాటు శిక్షణకూ, నర్సుల సంఖ్యకూ, ఐసీయూ పడకలకూ డబ్బు కేటాయించాలి.

దీనికి ఒక అభ్యంతరం ఉంది, అది తేలికగా తోసివేయదగినది కాదు. ఆదిలాబాదు అడవిలోనో, శ్రీకాకుళం తీరంలోనో ఉన్న పేద రోగి అంత దూరం ఎలా వెళతాడు? తోడు వచ్చినవారి కూలి పోతుంది, ఉండడానికి చోటు ఉండదు. వెళ్లలేక చికిత్సే మానుకుంటే, మంచి కేంద్రం ఉండి ఏమి లాభం? ఈ ప్రశ్న న్యాయమైనది. నా సమాధానం ఏమిటంటే, దూరం వెళ్లవలసినది ఆ రెండు మూడు వారాలకే. ఎండోస్కోపీ, బయాప్సీ, వీలైనంతవరకు కీమోథెరపీ, ఆ తరువాతి పరీక్షలు సొంత జిల్లాలోనే జరగాలి. శస్త్రచికిత్సకు వెళ్లినపుడు రోగికీ, తోడు ఉన్న ఒకరికీ ప్రయాణమూ, వసతీ, భోజనమూ పథకమే భరించాలి. చికిత్సకు లక్షలు చెల్లించే పథకానికి బస్సు ఛార్జీ భారం కాదు.

చివరగా అన్నిటికన్నా ముఖ్యమైన మాట. ఏ పద్ధతి మంచిదన్న ప్రశ్న వ్యాధి ముదరకముందే వచ్చినవారికే వర్తిస్తుంది. మన రోగులలో చాలామంది ఆ అవకాశం దాటిపోయాక వస్తున్నారు. మొదట ముద్ద గొంతు దిగువన ఆగినట్లు ఉంటుంది. నీళ్లు తాగితే దిగుతుంది. కొన్నాళ్లకు అన్నం మెత్తగా వండించుకుంటారు, తరువాత జావకు దిగుతారు. ఇంట్లోవారు గ్యాస్ అనుకుంటారు, అరుగుదల మందులు వాడతారు. ఘనాహారం దిగడం కష్టమయ్యేనాటికే లోపలి దారి చాలావరకు మూసుకుపోయి ఉంటుంది. కనుక ఆహారం అడ్డుపడుతున్నట్లు రెండు వారాలకు మించి అనిపించినా, కారణం లేకుండా బరువు తగ్గినా, గొంతు బొంగురుపోయి తగ్గకపోయినా, ముఖ్యంగా పొగాకు, మద్యం అలవాటు ఉన్న నలభై ఏళ్లు దాటినవారు, ఎండోస్కోపీ చేయించుకోండి. అది కొద్ది నిమిషాల పరీక్ష. ఆ పరీక్ష సకాలంలో జరిగితేనే ఏ కోత మంచిదని ఆలోచించే అవకాశం మిగులుతుంది.

(వైద్య విషయాలపై అవగాహన కలిగించడమే ఈ వ్యాసం ఉద్దేశం. ఎవరి చికిత్సను వారు తమ వైద్యులతో నేరుగా సంప్రదించి నిర్ణయించుకోవాలి.)